ఎవరిదీ కాని తీగ

మా మేనత్తకు నిశ్శబ్దం మీద నమ్మకం లేదు. ఫ్రిజ్ గుర్రుమనడం ఆగితే లేచి వెళ్ళి చూస్తుంది. మావయ్య గురక ఆగినా అంతే, లేచి కూర్చుని చూస్తుంది. ఇదంతా నా మీద ప్రేమేనా అని ఆయన ఒకసారి ముచ్చటపడి అడిగితే, లైను ఉందో పోయిందో చూసుకోవద్దా అంది. ఆ తర్వాత ఆయన మళ్ళీ అడగలేదు.

అత్త పద్దెనిమిదేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసింది. ఫోను జేబులోకి రాకముందు, ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా మధ్యలో ఆవిడ చెయ్యి పడాల్సిందే. బోర్డు నిండా కన్నాలు, ఒక్కో కన్నం ఒక్కో ఇల్లు. రెండు కొసలా పిన్నులున్న తీగ తీసుకుని ఇటొకటి అటొకటి గుచ్చితే ఇద్దరు మాట్లాడుకుంటారు. మాటలైపోగానే తీగ పీకెయ్యాలి. మర్చిపోతే ఆ రెండిళ్ళూ ఇక ఎవరికీ దొరకవు. అందుకని అక్కడ ఒక కట్టడి ఉండేది. ఎవరి మాటా నడవని తీగ బోర్డు మీద ఒక్క క్షణం ఉండకూడదు. అలాంటిది కనిపిస్తే పీకడం, ఎక్కడి నుంచి ఎక్కడికి ఉందో రిజిస్టర్లో రాయడం, కింద సంతకం పెట్టడం. పద్దెనిమిదేళ్ళు ఇదే చేస్తే మనిషి ఎలా తయారవుతుందో మా ఇంట్లో చూడొచ్చు. ఇస్త్రీ అయిపోయాక ప్లగ్గు ఇంకా గోడకే ఉంటే, మా అత్త కంటికి అది ఇస్త్రీపెట్టె కాదు, ఎవరో మాట్లాడి వదిలేసిన ఫోన్ కాల్.

తర్వాత ఫోన్లు వాటంతటవే కలవడం నేర్చుకున్నాయి. బోర్డును విప్పి లారీ ఎక్కించారు. మిగిలిన అత్తను డెప్యుటేషన్ మీద మునిసిపల్ ఆఫీసు కింద ఉండే లైబ్రరీకి, అక్కడి శ్రవణశాలకు పంపించారు.

పేరు చూసి పెద్దగా ఊహించుకోకండి. మెట్లెక్కితే చివరి గది. మూడు కుర్చీలు, మూడు హెడ్‌ఫోన్లు, అరలో నాలుగు వందల సీడీలు, ఒక కిటికీ, కిటికీలో ఒక మొక్క, బల్ల మీద ఒక రిజిస్టరు. సీడీల్లో కథలు, నవలలు, భాషా పాఠాలు, పక్షుల కూతలు ఉంటాయి. చూపు తగ్గినవాళ్ళు, చదివే ఓపిక లేనివాళ్ళు వచ్చి విని పోతారు. తలుపు తట్టినా, ఎదురుగా వచ్చి నిలబడినా అత్త మొదటి మాట "హలో" కాబట్టి లైబ్రరీలో అందరూ ఆవిణ్ణి హలోగారు అంటారు. ఆవిడకు ఆ సంగతి తెలుసు. హలోగారున్నారా అని ఎవరైనా కింద అడిగితే పైనుంచి "హలో" అంటుంది.

రిజిస్టరు ఎవరూ పెట్టమనలేదు. ఎక్స్ఛేంజిలో ఉండేది కాబట్టి ఇక్కడా ఉంది. ఏ డిస్కు ఎవరు విన్నారు, ఏ బల్బు ఎప్పుడు మార్చారు, కుర్చీ కాలుకింద అట్టముక్క ఏ తారీఖున పెట్టారు, అన్నీ అందులో ఉంటాయి. నేను దాన్ని ఎప్పుడూ తెరిచి చూడలేదు. ఒప్పుకుంటున్నాను, నాకది వెటకారంగానే ఉండేది.

నా గురించి రెండు ముక్కలు చాలు. కంప్యూటరు చదువు రెండో ఏడాదిలో వదిలేశాను. చదువే నన్ను వదిలేసిందని మా నాన్న అంటాడు. పగలు బండి మీద పార్సిళ్ళు అందిస్తాను, మధ్యాహ్నం ఖాళీ దొరికితే అత్త గదికి పోతాను.

అక్కడ మొదట్లో మూడు సీడీ ప్లేయర్లు ఉండేవి, ఒకదాని తర్వాత ఒకటి మూగబోయాయి. కొత్తవి అడిగితే ఆఫీసువాళ్ళు నవ్వారు. అత్త నవ్వలేదు. వాళ్ళ గోదాములో పక్కన పడేసిన ముసలి కంప్యూటరొకటి చూసి, అది ఇప్పించమని సంతకం పెట్టించుకుని, నన్ను పిలిచింది. నేను దాంట్లో లినక్స్ ఎక్కించాను. విండోస్‌కు బదులు వాడే యూనిక్స్ జాతి సిస్టము, ఎంత పాత ఇనుములోనైనా కదులుతుంది. యంత్రం వెనకనుంచి ఒక తీగ గోడ పొడుగునా మేకులు కొట్టుకుంటూ పోయి చిన్న పెట్టెలోకి దిగుతుంది, ఆ పెట్టెకు మూడు హెడ్‌ఫోన్లు. డిస్కు పెట్టి, నల్ల తెర మీద ఒక కమాండు కొడితే మూడు కుర్చీల్లోనూ వినిపిస్తుంది. అత్తకు ఆ నల్ల తెర తెగ నచ్చింది. బొమ్మలూ గిమ్మలూ లేవు, అడిగింది టైపు చేస్తే కలుపుతుంది, ఇది మా బోర్డేరా అంది.

ఏడాది పాటు చక్కగా నడిచింది. అందరికన్నా ఎక్కువ విన్నది ఒక దర్జీ తాత. నలభై ఏళ్ళు మిషను తొక్కి కళ్ళు అరగదీసుకున్నాడు. రోజూ పదింటికి వచ్చి మూడో కుర్చీలో కూర్చుంటాడు. ఆయన వింటున్నది పద్నాలుగు డిస్కుల సముద్రయానం నవల. తొమ్మిదో డిస్కు చివర్లో కథానాయకుడు ఓడ మునిగి, చిన్న పడవలో ఒంటరిగా మిగిలాడు. సరిగ్గా అక్కడ మా యంత్రం మూగబోయింది.

అది ఎలా జరిగిందంటే, ఒక శనివారం సాయంత్రం ఫ్యాను రొద పెడుతోందని అత్త యంత్రం మూత తీసి, పాత పెయింటు బ్రష్షుతో లోపలి దుమ్మంతా దులిపింది. మూత బిగించి ఆన్ చేసింది. లేచేటప్పుడు వచ్చే టింగుమనే చప్పుడు మూడు హెడ్‌ఫోన్లలోనూ వచ్చింది. తృప్తిగా తాళం వేసి ఇంటికొచ్చింది.

ఆదివారం లైబ్రరీకి సెలవు. నాకేమీ తోచక అత్త దగ్గర తాళంచెవి తీసుకుని వెళ్ళాను. వెళ్ళి సిస్టమంతా కొత్త వెర్షనుకు మార్చేశాను. మార్చమని ఎవరూ అనలేదు. బాగా నడుస్తున్నదాన్ని ఎందుకు కెలికావు అంటారా? అలా కూర్చుని ఉండలేను, అంతే.

సోమవారం పొద్దున అత్త కమాండు కొడితే యంత్రం కుదరదంది.

మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి అత్త తెర ముందు చేతులు కట్టుకుని కూర్చుని ఉంది. ఆదివారం ఏం చేశావని అడిగింది. ఏమీ చెయ్యలేదు, ఊరికే చూశాను అన్నాను. అత్త నా మొహం వైపు కాసేపు చూసి సరే అంది. ఆ సరేలో ఏదో ఉందని అప్పుడే అనుకోవాల్సింది.

బుధవారం కార్యదర్శి నుంచి ఉత్తరం వచ్చింది. లైబ్రరీకి పెద్దాయన ఆయనే. ఉత్తరంలో ఉన్నది ఇదీ: పాత పేపర్లు పెట్టుకోవడానికి కింద చోటు చాలడం లేదు, శ్రవణశాలలో శబ్దమే లేదని ఫిర్యాదు వచ్చింది, కాబట్టి పై వారం శుక్రవారం పదకొండింటికి స్వయంగా వస్తాను. నా చేత్తో ఒక డిస్కు పెడతాను. మూడు కుర్చీల్లోనూ వినిపిస్తే గది ఉంటుంది, లేకపోతే పేపర్లకు పోతుంది. గది పోతే అత్త కింద కార్డుల కౌంటర్లో కూర్చుని ముద్రలు వెయ్యాలి.

ముద్రలేగా, హాయిగా ఉంటుంది కదా అన్నాను నేను. అత్త ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టింది.

"బోర్డు పీకేసినప్పుడు నన్నెవరూ అడగలేదురా. ఓ పొద్దున వెళ్తే గోడే మిగిలింది. ఈసారి అడుగుతున్నారు. శుక్రవారం పదకొండింటికి జవాబు చెప్పాలి."

పనిలో పడ్డాను.

పడ్డానన్న మాటే గానీ, మొదటి నాలుగు రోజులూ బుద్ధి లేని పని చేశాను. యూనిక్స్ సిస్టముల్లో ఏ డిస్కునైనా వాడాలంటే ముందు దాన్ని మౌంట్ చెయ్యాలి, అంటే డిస్కులో ఉన్న ఫైళ్ళను తీసుకొచ్చి సిస్టము చెట్టుకు ఒక కొమ్మలాగా అంటించాలి. నేను ఆ కమాండే కొట్టాను. ఇందులో నాకు తెలిసిన ఫైళ్ళ అమరిక లేదు అంది. మళ్ళీ కొట్టాను. రకరకాలుగా కొట్టాను. ఇంకో డిస్కు పెట్టి కొట్టాను. నాలుగో రోజున ఎక్కడో చదివితే బుర్ర వెలిగింది. ఆడియో సీడీలో ఫైళ్ళే ఉండవు. గ్రామఫోను రికార్డులాగా చివరిదాకా ఒకటే ధ్వని గీత. దాన్ని మౌంట్ చెయ్యడమంటే నదిని బీరువాలో సర్దబోవడమే.

అసలు సంగతి వేరే ఉంది. కొత్త వెర్షను వచ్చినప్పుడు, సీడీ డ్రైవును ముట్టుకోవడానికి ఎవరెవరికి హక్కుందో ఆ జాబితాలోంచి అత్త పేరు ఎగిరిపోయింది. ఏడాదిపాటు తన చేత్తో నడిపిన గదిలో ఆవిడకు ప్రవేశం లేకుండా చేశాను నేను. పేరు మళ్ళీ చేర్చాను. యంత్రం ఈసారి అడ్డుచెప్పలేదు. డిస్కు తిరిగింది, తెర మీద నిమిషాలూ సెకన్లూ పరిగెత్తాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే ఏమీ లేదు. ఒక్క ముక్క లేదు.

ఇది మరీ దారుణం. అసలు నడవకపోతే తిట్టుకోవచ్చు. అన్నీ నడుస్తూ మాట మాత్రం రాకపోతే ఎవరిని తిడతాం?

తర్వాత రెండ్రోజులకు ఇంకోటి దొరికింది. సిస్టములో ఏ శబ్దం ఎంత రావాలో చూసుకునే పట్టిక ఒకటుంటుంది. అందులో సీడీకి విడిగా ఒక గడి ఉంది, కొత్త వెర్షను దాన్ని మూసేసి కూర్చుంది. తెరిచాను. పూర్తిగా పైకి జరిపాను. దొరికిందిరా అని కుర్చీలోంచి లేచాను కూడా. హెడ్‌ఫోన్లలో ఏమీ లేదు. మళ్ళీ కూర్చున్నాను.

ఇంకో దారి కూడా చూశాను. డ్రైవు తనంతట తాను వాయించకుండా, డిస్కులో ఉన్నదాన్ని అంకెలుగా చదివించి, యంత్రంలో శబ్దం పుట్టించే సౌండు కార్డుకు పంపొచ్చు. ఆ ముసలి డ్రైవు అంత వేగంగా చదవలేక ప్రతి మాటా మూడేసి సార్లు నత్తిగా పలికింది. దర్జీ తాత ఒక నిమిషం విని, ఆ పడవలో వాడికి చలి జ్వరమా అని అడిగాడు.

ఆ పన్నెండు రోజులూ తాత రావడం మానలేదు. పదింటికి వచ్చి, మూడో కుర్చీలో కూర్చుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, పన్నెండింటికి రిజిస్టర్లో సంతకం చేసి పోయేవాడు. ఏం వింటున్నావు తాతా అంటే, ఏమీ లేదు, సంతకాలు తగ్గితే మీ అత్తకు మాటొస్తుందని అన్నాడు. అత్త మాత్రం ఆ సంతకాల పక్కన తన చేతిరాతతో ఒక్కోరోజూ రాసుకుంటూ పోయింది: వచ్చారు, కూర్చున్నారు, వినబడలేదు.

గురువారం సాయంత్రం నేను చేతులెత్తేశాను. మొత్తం చెరిపేసి మళ్ళీ మొదటినుంచి ఎక్కిస్తానన్నాను. అత్త ఒప్పుకోలేదు. ఎన్ని మార్చావో నీకే గుర్తు లేదు, ఇంకా మారుస్తానంటావేంటి అంది. రేపు పొద్దున బండి పక్కన పెట్టి రా, నేను చూస్తాను, నువ్వు పక్కన కూర్చో అంది. ఏం చూస్తావత్తా, ఇది సాఫ్ట్‌వేరు గొడవ అన్నాను. అత్త లైటు ఆర్పేసింది.

శుక్రవారం పదింటికి గదిలో ముగ్గురం ఉన్నాం. అత్త, నేను, మూడో కుర్చీలో తాత. కిటికీలో మొక్క ఎండకు మెరుస్తోంది. అది పక్కకు ఒరిగిపోయే రకం, అత్త దాన్ని ఒక సన్నటి బూడిదరంగు తీగతో కిటికీ కడ్డీకి కట్టింది. నేను అలవాటుగా యంత్రం ముందు కూర్చోబోయాను.

"లే," అంది అత్త.

లేచాను. ఆవిడ కూర్చుని, తాత వినాల్సిన పదో డిస్కు పెట్టి, కమాండు కొట్టి, కీబోర్డును పక్కకు జరిపింది.

"ఎక్కడిదాకా వస్తోంది?"

"ఏది?"

"మాట. ఎక్కడ పుడుతోంది, ఎక్కడిదాకా వస్తోంది? లైను పోయిందంటే మేము ఇదే అడిగేవాళ్ళం. రెండు వారాల నుంచి నువ్వు ఏం చేశావో చెబుతున్నావు గానీ, ఎక్కడిదాకా వస్తోందో ఒక్కసారీ చెప్పలేదు."

నిజమే, చెప్పలేదు. నాకు తెలిస్తే కదా.

ఎక్స్ఛేంజిలో లైను పోతే ఒక కొసనుంచి మొదలుపెట్టి ఒక్కో స్తంభం దగ్గరా ఆగి హలో అనేవాళ్ళట. ఎక్కడిదాకా జవాబొస్తే అక్కడిదాకా లైను బతికుంది, ఆ పై ముక్కలోనే తెగింది. అత్త సీడీ డ్రైవుకు చెవి ఆనించింది. తిరుగుతోందంది. సౌండు కార్డు నుంచి హెడ్‌ఫోన్ల దాకా దారి బాగానే ఉంది, ఎందుకంటే లేచేటప్పుడు టింగుమంటోంది. అంటే మిగిలింది డ్రైవుకూ కార్డుకూ మధ్య ముక్క. అలా అని ఊరుకోకుండా డ్రైవు మొహాన్ని వేళ్ళతో తడిమింది. తలుపు కింద ఒక చిన్న కన్నం ఉంది, పక్కన చిన్న చక్రం.

"ఇదేంటి?"

పాతకాలం డ్రైవులకు ఉంటుంది, దాన్ని ఎవడూ వాడడని చెప్పాను. అత్త నావైపు జాలిగా చూసింది. పద్దెనిమిదేళ్ళు కన్నాల మీద బతికిన మనిషి ముందు, ఒక కన్నం ఊరికే ఉందని చెప్పకూడదు. మొదటి కుర్చీ హెడ్‌ఫోన్ పీకి ఆ కన్నంలో గుచ్చి, చక్రం తిప్పి, చెవికి పెట్టుకుంది.

ఆవిడ మొహం చూస్తూ ఉన్నాను. హెడ్‌ఫోన్ తీసి తాత తలకు తగిలించింది. తాత రెండు చేతులతో చెవులు పట్టుకున్నాడు.

"పడవ కనిపించిందట," అన్నాడు. "ఎవరిదో పెద్ద పడవ. వీడు చొక్కా విప్పి ఊపుతున్నాడు."

డిస్కు తిరగడం మొదలైనప్పటి నుంచి, నేను కమాండ్లు కొట్టుకుంటూ చస్తుంటే, ఆ కథంతా నా ముక్కుకు జానెడు దూరంలో చదువుతూనే ఉంది. డ్రైవు వాయిస్తోంది. కార్డుకు చేరడం లేదు. మధ్యలో ఏదో ఉండాలి, అది లేదు. ఇక మూత తీసి చూడడమే అన్నాను నేను. అత్త కదల్లేదు. ఆవిడ చూపు ఎక్కడో ఆగిపోయింది. మెల్లగా రిజిస్టరు దగ్గరికి లాక్కుని, రెండు వారాలు వెనక్కి పేజీలు తిప్పి, ఒక చోట వేలు పెట్టింది. గట్టిగా చదివింది. గొంతులో ఏ తేడా లేదు, ఎవరిదో నంబరు చదివినట్టే చదివింది.

"శనివారం. యంత్రం లోపల దుమ్ము దులపడమైనది. సన్న తీగ ఒకటి, సీడీ డ్రైవు వెనక నుంచి సౌండు కార్డు మీది తెల్ల సాకెట్టు దాకా. రెండు కొసలూ గుచ్చి ఉన్నవి. ఎవరిదో తెలియదు. తీసివేయడమైనది. పరీక్షించగా టింగు శబ్దం మూడు కుర్చీలలోనూ వచ్చినది. తీగ వృథా కాకుండా మొక్కకు కట్టడమైనది."

కింద సంతకం.

ముగ్గురం కిటికీ వైపు తిరిగాం. తాతకు అంతదూరం కనిపించదు గానీ ఆయనా తిరిగాడు. బూడిదరంగు తీగ కొసన చిన్న తెల్ల ప్లగ్గు గాలికి ఊగుతోంది. రెండు వారాలుగా నేను రోజూ ఆ మొక్క పక్కనే నిలబడి సాఫ్ట్‌వేరు గురించి ఉపన్యాసాలిచ్చాను.

టింగు అనేది యంత్రం తన లోపల పుట్టించుకునే చప్పుడు, అది సౌండు కార్డులోనే మొదలవుతుంది. డిస్కు మాట మాత్రం ఆ సన్న తీగ మీద నడిచి రావాలి. ఇది అత్తకు తెలియదు. అసలు సంగతేమిటంటే నాకూ తెలియదు. నేను చూసిన కంప్యూటర్లలో అలాంటి తీగే లేదు.

పదీ ముప్పై అయిదు. మూత తీసి, తీగ పెట్టి, మళ్ళీ ఆన్ చెయ్యాలంటే యంత్రాన్ని ఆపాలి. ఆపితే లేస్తుందో లేవదో. నాకు ఒక ఉపాయం తట్టింది. కార్యదర్శిని మొదటి కుర్చీలో కూర్చోబెట్టి, ఈ ముందు కన్నంలోంచే వినిపించేద్దాం, మిగతా రెండు కుర్చీల్లో నేనూ తాతా కూర్చుని తలలూపుతాం, తాతకు ఎలాగూ అలవాటే అన్నాను. తాత సరేనన్నట్టు తలూపి చూపించాడు కూడా. చాలా బాగా ఊపాడు.

అత్త నవ్వింది, కానీ ఒప్పుకోలేదు. "ఆయన పోయాక సోమవారం ఆ రెండు కుర్చీల్లో కూర్చునేవాళ్ళకు ఏం చెప్పను? తలూపమనా?" అని యంత్రం ఆపేసింది.

తీగ ముడి బిగుసుకుపోయి ఉంది. రోజూ నీళ్ళు పడి పడి రాయిలా అయింది. నేను కత్తెర అందుకున్నాను. కత్తిరించావంటే చెయ్యి విరుస్తానని తాత కుర్చీలోంచి అరిచాడు. నలభై ఏళ్ళలో ఆయన వినిపించని గొంతు అది అనుకుంటాను. లేచి, గోడ పట్టుకుని వచ్చి, కళ్ళు మూసుకుని ముడిని వేళ్ళతో తడిమాడు. కళ్ళు ఎలాగూ పనికిరావు కదా, ఎందుకు మూశాడో అడగలేదు. గోటితో ఒకచోట నొక్కి, ఇంకోచోట లాగాడు. ముడి విడిపోయింది. మొక్క వెంటనే పక్కకు వాలిపోయింది. ఒక చేత్తో మొక్కను పట్టుకుని ఆయన అక్కడే నిలబడ్డాడు.

నేను మూత తీశాను. అత్త ప్లగ్గులు తుడిచి, ఆరబెట్టి, రిజిస్టర్లో ఎక్కడినుంచి ఎక్కడికి అని ఉందో చూసుకుని రెండు కొసలూ గుచ్చింది. ఏ సాకెట్టని వెతుక్కునే పనే లేదు, తన చేత్తో రాసుకుంది కదా. మూత బిగించి మీట నొక్కాను. పదీ నలభై ఎనిమిది.

యంత్రం లేస్తూ ఉండగా నల్ల తెర మీద ఒక వాక్యం పడింది. నన్ను చాలాసార్లు ఆపి లేపారు, కాబట్టి ఈసారి హార్డ్ డిస్కంతా సరిచూసుకుని గానీ లేవను అని దాని సారాంశం. ఇన్నిసార్లు లేచాక ఒకసారి అలా చూసుకోవడం ఆ సిస్టము అలవాటు. రెండు వారాల్లో నేను దాన్ని ఎన్నిసార్లు ఆపి లేపానో లెక్కే లేదు, దానికి మాత్రం లెక్క ఉంది. నాలుగు శాతం. ఏడు శాతం. నేను గడియారం వైపు చూశాను.

ముప్పై ఒక్క శాతం దగ్గర మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. కార్యదర్శి అయిదు నిమిషాలు ముందే వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, చంకలో గొడుగుతో గుమ్మంలో నిలబడ్డాడు. అత్త లేచి ఎదురెళ్ళింది.

"హలో సార్. ఒక్క రెండు నిమిషాలు లైన్లో ఉండండి."

ఆ గొంతు అలాంటిది. ఎంత పెద్ద మనిషైనా ఆ మాటకు ఫోను పట్టుకుని నిలబడిపోయేవాడు ఒకప్పుడు. ఈయనా గొడుగు పట్టుకుని నిలబడిపోయాడు. తర్వాత మొక్కను పట్టుకుని నిలబడ్డ తాతను చూసి, ఈయనెవరని అడిగాడు. మా శ్రోత అంది అత్త. మొక్కను ఎందుకు పట్టుకున్నారంటే, దానికి ఆధారం తీసేశాం సార్, అందుకని అంది. ఇంకేమీ చెప్పలేదు, ఆయన ఇంకేమీ అడగలేదు. అరలోంచి మీకు నచ్చిన డిస్కు తీసుకోండి సార్ అంటే ఆయన వరసగా చూస్తూ పోయాడు. చివరికి ఒకటి తీశాడు. అడవి పక్షుల కూతలు.

అప్పుడు టింగుమంది.

నేను ఆ శబ్దాన్ని అంతకుముందు నమ్మాను, ఇప్పుడు నమ్మలేదు. కార్యదర్శి డిస్కు పెట్టి మొదటి కుర్చీలో కూర్చున్నాడు, నేను రెండో దాంట్లో. మొక్కను అత్త పట్టుకుంటే తాత వచ్చి మూడో దాంట్లో కూర్చున్నాడు. అత్త ఒక చేత్తో మొక్కను పట్టుకుని, ఇంకో చేత్తో కమాండు కొట్టింది.

మొదట ఆకుల గలగల. తర్వాత ఎక్కడో దూరంగా ఒక పిట్ట, దానికి జవాబుగా దగ్గరలో ఇంకో పిట్ట. తాత మొహం వైపు చూశాను. ఆయన తలూపడం లేదు. కదలకుండా వింటున్నాడు.

కార్యదర్శి మూడు కుర్చీల్లోనూ మారి మారి కూర్చుని విన్నాడు. హెడ్‌ఫోన్లు తీసి, బాగానే ఉందే, మరి రెండు వారాలు ఎందుకు రాలేదు అని అడిగాడు. నేను వెంటనే అందుకుని, యంత్రం పాతది కదా సార్ అని మొదలుపెట్టాను. అత్త రిజిస్టరు తెరిచి ఆయన ముందు పెట్టింది. శనివారం దగ్గర వేలు ఉంచింది.

"నేనే పీకాను సార్. తెలియక."

ఆయన చదివాడు. మొక్కను చూశాడు. మళ్ళీ చదివాడు. మీసం కింద ఏదో కదిలింది గానీ బయటికి రానివ్వలేదు.

"ఇది మీరు రాసుకోకపోతే?"

"తీగ ఇంకా మొక్కకే ఉండేది సార్."

ఆయన వెనక్కి వాలాడు. తర్వాత ఏదో తీర్మానం చెబుతాడనుకున్నాం. చెప్పలేదు. ఇందాకటి పిట్ట ఏదో తెలుసుకోవాలి అని హెడ్‌ఫోన్లు మళ్ళీ పెట్టుకున్నాడు. డిస్కు అయిపోయేదాకా నలభై నిమిషాలు లేవలేదు. పోయేటప్పుడు గొడుగు మర్చిపోయాడు. అత్త దాన్ని కూడా రాసుకుంది.

బుధవారం ఉత్తరం వచ్చింది. గది ఉంటుంది. మొదటి కుర్చీ గట్టిగా ఉంది, దాని మీద మెత్త వేయించగలరు. గొడుగు పంపగలరు. ఇంతే. అత్త దాన్ని రెండుసార్లు చదివి, ఈసారి మడతలు పెట్టకుండా గోడకు అంటించింది. దర్జీ తాత అప్పటికి పదో డిస్కులో ఉన్నాడు. పెద్ద పడవవాళ్ళు కథానాయకుణ్ణి ఎక్కించుకున్నారు గానీ వాళ్ళూ మంచివాళ్ళు కాదట.

ఆ మధ్యాహ్నం అత్త నన్ను పిలిచి రిజిస్టరు నావైపు తిప్పింది. అదే శనివారం పేజీ. తీగ సంగతి, సంతకం. దాని కింద ఆదివారం అని తారీఖు వేసి, రెండు వరసలు ఖాళీగా వదిలి, తర్వాత సోమవారం మొదలుపెట్టింది. సెలవురోజులకు ఆ పుస్తకంలో ఎక్కడా చోటు లేదు. ఆ ఒక్క ఆదివారానికే ఉంది. అంటే నేను ఊరికే చూశానన్న రోజునే ఆవిడ ఈ చోటు వదిలింది. రెండు వారాలు ఒక్కసారి కూడా అడగలేదు.

"నీది నువ్వే రాయి," అంది.

పెన్ను తీసుకున్నాను. సిస్టము కొత్త వెర్షనుకు మార్చడమైనది అని రాశాను. ఎవరూ అడగలేదు అని కూడా రాశాను. దానివల్ల అత్తకు డ్రైవు మీద హక్కు పోయినది, సీడీ శబ్దపు గడి మూసుకుపోయినది అని రాసేసరికి రెండు వరసలూ సరిగ్గా నిండాయి. సంతకం పెట్టడానికి చోటు లేక అంచులో పెట్టాను. అత్త చదివి, అక్షరాలు కోడి గీకినట్టున్నాయి అంది. తర్వాత ఆ రోజు పేజీకి వచ్చి, తన పెన్నుతో తన పని రాసుకుంది: తీగ యథాస్థానంలో ఉన్నది. మొక్కకు కర్ర స్కేలు కట్టడమైనది.